మెరిసే నేల మీద మడమ

మా కార్యాలయానికి కొత్త నేలా, నా ఎడమ కాలికి మడమ నొప్పీ ఒకే వేసవిలో వచ్చాయి. నేలను ప్రభుత్వం మంజూరు చేసింది. నొప్పిని నాకు నేనే మంజూరు చేసుకున్నాను.

నా పేరు ముదునూరి వరాహరాజు. తణుకులోని ప్రాంతీయ పునర్ధ్రువీకరణ కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉండేవాణ్ణి. ఇతర కార్యాలయాలు నిజమని ధ్రువీకరించిన కాగితాలను ఆ కార్యాలయాలు నిజంగానే ధ్రువీకరించాయని మేం ధ్రువీకరిస్తాం. వినడానికి చిన్న పనిలా ఉంటుంది గానీ, మా ముద్ర పడకపోతే ఆ చుట్టుపక్కల ఎవరూ పుట్టినట్టూ కాదు, చదివినట్టూ కాదు, బతికున్నట్టూ కాదు.

నాకు ఫైళ్ళు కదపడం అంతగా చేతకాదు. లెక్కలు అసలే రావు. నాకున్న ఒకే ఒక విద్య సర్క్యులర్లు రాయడం. మంచినీళ్ళ కుండ మీద మూత పెట్టమని చెప్పడానికి కూడా నేను ఒక పేజీ రాయగలను. చదివినవాడికి దాహం తీరదు గానీ గౌరవం కలుగుతుంది.

పగిలిపోయిన పాత నాపరాళ్ళు తీసేసి, హాలంతా తెల్లటి టైల్స్ పరిచారు. వంగి చూస్తే మన మొహం మనకే కనిపించేంత మెరుపు. ప్రారంభోత్సవం రోజున మా సంయుక్త సంచాలకులు త్రివిక్రమరావు గారు రిబ్బను కత్తిరించి లోపలికి అడుగు పెట్టేసరికి, ఆయన వెనకే వచ్చిన ఒక రైతు చెప్పు కింద నుంచి నల్లటి గీత ఒకటి పడింది. రావు గారు అందరూ చూస్తుండగా వంగి, తన జేబురుమాలుతో ఆ గీతను తుడిచారు. పైకి లేచినప్పుడు ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"రాజు గారూ, ఇది నేల కాదండీ. పారదర్శక పాలనకు ప్రతిబింబం. దీని మీద చెప్పులతో నడవడం అంటే పాలన మీద చెప్పులతో నడవడమే."

"అలాగే రాస్తానండి" అన్నాను.

రాశాను. "ప్రజాధనంతో నిర్మితమైన ఈ నిర్మల తలమును పాదరక్షా సంపర్కము నుండి పరిరక్షించుట ప్రతి ఉద్యోగి మరియు ప్రతి పౌరుని పవిత్ర కర్తవ్యమై యున్నది. కావున ద్వారమునకు వెలుపలనే పాదరక్షలను విసర్జింపవలెను. ఇందులకు ఎట్టి మినహాయింపులును లేవు." ఆ చివరి వాక్యం రాయమని నన్ను ఎవరూ అడగలేదు. అది లేకపోతే లయ కుదరలేదు, అందుకని రాశాను. రావు గారు దాన్ని రెండోసారి పైకి చదివించుకుని, "ఆ చివరిది ఉంది చూశారూ..." అని మాట పూర్తి చేయలేకపోయారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు, గాల్లో నడిచాను. నడవవలసిన నేల ఎంత గట్టిదో అందుకే వెంటనే తెలియలేదు.

రావు గారికీ తెలియలేదు. ఆయనకు పక్క గుమ్మం నుంచి నేరుగా తన గదిలోకి దారి ఉంది. ఆ గదిలో నేల కనపడకుండా ఎర్ర తివాసీ పరిచి ఉంటుంది.

నెల తిరక్కుండానే ఒక ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. గోడ పట్టుకుని కుంటుతూ వంటింటి దాకా వెళ్ళాను. కాఫీ తాగేసరికి కాస్త తగ్గింది. ఆఫీసులో కాసేపు కూర్చుని లేచేసరికి మళ్ళీ మేకు. మా ఆవిడ సుభద్ర నా నడక చూసి, "ఏవిటండీ, కోడిపుంజులా ఎగురుతున్నారు?" అంది.

ఆఫీసు సంగతి చెప్పాను.

"పొద్దస్తమానం ఆ బండ మీద ఉత్త కాళ్ళతో తిరుగుతున్నారా? ఎవరండీ ఆ రూలు పెట్టిన బుద్ధిమంతుడు?"

"పైనుంచి వచ్చింది" అన్నాను.

ఆమె నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మడమ కింద బొటనవేలితో నొక్కి, నేను అరిచిన అరుపు విని తృప్తి పడ్డారు. అరికాలి కింద ఉండే పట్టీ లాంటి పొర వాచిందనీ, భయపడవలసింది లేదనీ, చాలామందికి ఇంట్లోనే తగ్గిపోతుందనీ చెప్పారు. "గట్టి నేల మీద ఉత్త కాళ్ళతో నడవకండి. బూట్లలో వేసుకునే మెత్తలు షాపుల్లో దొరుకుతాయి, అవి వాడండి. పొద్దున్నే గోడకు చేతులు ఆన్చి పిక్కలు సాగదీయండి. వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. తిమ్మిరెక్కినా, వాపు పైకి కనిపించినా, ఎన్నాళ్ళకీ తగ్గకపోయినా మళ్ళీ రండి."

చెప్పుల షాపులో ఉన్నవాటిల్లోకెల్లా మెత్తనివి కొన్నాను. నీలం రంగు జెల్లువి, వేలితో నొక్కితే జున్నులా దిగిపోయేవి. ఇంటికొచ్చి వాటిని బూట్లలో ఉన్న పాత అట్టల మీదే కుక్కి, కాళ్ళు దూర్చాను. మడమలు బూట్లలోంచి పైకి వచ్చేశాయి. వేళ్ళు నలిగిపోయాయి. సాయంత్రానికి మడమ నొప్పికి తోడు వేళ్ళ నొప్పి వచ్చింది.

సుభద్ర డబ్బా మీద రాసింది చదివింది. "పాతవి తీసేసి పెట్టుకోమని ఇక్కడ పెద్ద అక్షరాలతో ఉంది. మీరు ఊరందరికీ రూల్సు రాస్తారు గానీ, ఒక్కటీ చదవరేం?"

మర్నాడు ఆమే వచ్చి వాటిని మార్పించింది. అరికాలి వంపు కింద కాస్త గట్టిగా ఎత్తుగా ఉండి, మడమ చుట్టూ చిన్న గిన్నెలా ఉన్న జత తీసుకుంది. పాత అట్టలు తీసేసి, ముందు భాగం కత్తెరతో నా కొలతకు కత్తిరించి అమర్చింది. ఇంట్లో వేసుకోవడానికి మెత్త చెప్పులు కొంది. ఆ బూట్లతో బజారు దాకా నడిచి వస్తే ప్రాణం లేచివచ్చింది. ఇక చీకూచింతా లేదనుకుని సోమవారం ఆఫీసుకు వెళ్ళాను.

ద్వారం దగ్గర అటెండరు సత్తిబాబు చెయ్యి అడ్డం పెట్టాడు. "బూట్లండి" అన్నాడు వినయంగా. నేను రాసిన సర్క్యులరు అతని నెత్తి మీదే అతికించి ఉంది.

బూట్లు విప్పాను. మెత్తలు వరండాలో చల్లగా పడుకున్నాయి. నేను బండ మీద నిలబడ్డాను.

వారం రోజులు అలా గడిచాక నాకు ఒక ఆలోచన తట్టింది. సర్క్యులరు నిషేధించింది పాదరక్షలను. మేజోళ్ళ గురించి అందులో ఒక్క ముక్క లేదు. నేను మెత్తలను బూట్లలోంచి తీసి మేజోళ్ళలోకి దోపాను. మడమ హాయిగా ఉంది. కానీ నున్నటి టైల్స్ మీద మేజోళ్ళతో నడవడం అంటే వెన్న రాసిన పళ్ళెంలో నడవడమే. బాతులా చేతులు ఇటూ అటూ చాపి నడిచేవాణ్ణి.

మా టైపిస్టు కరుణకుమారి గారు రెండు రోజులు చూసి, మూడో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "సార్, ఆ సాక్సుల్లో ఏం పెట్టారు?"

"ఏం లేదమ్మా."

"సార్, నాకూ మడమేనండి. చర్చికి వెళ్తే మోకరిల్లడం సులువుగానే ఉంది గానీ లేచి నిలబడలేకపోతున్నాను. ఎక్కడ కొన్నారో చెప్పండి చాలు."

చెప్పాను. ఆమె ఇంకొకరికి చెప్పింది. చివరికి తేలిందేమిటంటే, సగం ఆఫీసుకు మడమలు నొప్పి, మిగతా సగానికి నడుము. మే నెల ఎండల్లో, ఫ్యాన్లు వేడిగాలి చిమ్ముతుంటే, మా ఆఫీసులో అందరూ ఉన్ని మేజోళ్ళు వేసుకుని, చేతులు చాపి, నిశ్శబ్దంగా జారుతూ తిరిగేవాళ్ళం.

ఒకరోజు తలుపు సందులోంచి ఆ దృశ్యం చూసిన రావు గారి గుండె ఉప్పొంగింది. ఉత్త పాదాల చెమట కూడా నేలకు అంటకూడదని సిబ్బంది తమంతట తామే మేజోళ్ళు వేసుకుంటున్నారని ఆయన అర్థం చేసుకున్నారు. దానికి 'స్వచ్ఛంద మృదుపాద ఉద్యమం' అని పేరు పెట్టి, నన్ను ముఖ్య కార్యాలయానికి నివేదిక రాయమన్నారు. రాశాను. బాగా వచ్చింది కూడా.

ఆ నివేదిక మీద సంతకం పెట్టించుకోవడానికి వెళుతుండగానే కొంప మునిగింది. హాలు మధ్యలో నా ఎడమ మేజోడు చిరిగి, మెత్త బయటికి దూకింది. తెల్లటి నేల మీద సర్రున జారుకుంటూ వెళ్ళి, సరిగ్గా తన గది గుమ్మంలో నిలబడ్డ రావు గారి ముందు ఆగింది.

ఆయన వంగి దాన్ని చూశారు. "ఏమిటిది?"

"మెత్తండి. మడమకి."

"పాదరక్షా?"

ఆ ప్రశ్న తేల్చడానికి మర్నాడే పాదోపకరణ వర్గీకరణ సంఘం ఏర్పడింది. రావు గారు అధ్యక్షులు, అకౌంట్సు అధికారి వీరభద్రం గారు సభ్యులు. మూల సర్క్యులరు రచయితను గనక నేను కన్వీనర్ని. అంటే నా కాలి మీద విచారణకు కార్యదర్శిని నేనే.

వీరభద్రం గారు మెత్తను పెన్సిలుతో తిప్పి చూశారు. "ఇది పాదరక్ష అయితే నిషిద్ధము. ఔషధము అయితే వైద్య మండలి వారి ధ్రువపత్రము కావలెను, దానిని మనమే పునర్ధ్రువీకరించవలెను. ఈ రెండూ కాకపోతే, ఇది అసలు లేదు."

"లేని వస్తువు నా ముందు ఎలా ఆగిందండీ?" అన్నారు రావు గారు.

నా మీద చర్య తప్పదని నాకు తెలుస్తూనే ఉంది. భయంలో నా కలం ఎప్పుడూ బాగా నడుస్తుంది. ఇలా రాసి వారి ముందు పెట్టాను: "పాదరక్ష యనగా నేల నుండి పాదమును రక్షించునది. ప్రస్తుత వస్తువు పాదము నుండి నేలను రక్షించుచున్నది. కావున ఇది పాదరక్ష గాక, నేలరక్ష. తివాసీ వర్గమునకు చెందిన కార్యాలయ సామగ్రిగా పరిగణింపదగును."

రావు గారు లేచి నాతో కరచాలనం చేశారు. నా మెత్తలు నిర్దోషులుగా విడుదలయ్యాయి. నా తెలివికి నేనే మురిసిపోయి, వచ్చేటప్పుడు ఇంటికి పూతరేకులు తీసుకెళ్ళాను.

కానీ తివాసీ వర్గానికి చెందాక మెత్తల బతుకు మారిపోయింది. కార్యాలయ సామగ్రి గనక వాటి మీద తెల్ల రంగుతో అంకెలు వేశారు. సామగ్రిని ఇంటికి తీసుకెళ్ళకూడదు గనక సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వేశారు. అందరికీ ఒకే రకం ఉండాలని, సిబ్బంది పాదాలన్నీ కొలిచి సగటు తీసి ఒకే సైజులో తెప్పించారు. ఆ సగటు సైజు పాదం ఉన్నవాళ్ళు మాత్రం మా ఆఫీసులో ఒక్కరూ లేరు. పొట్టి పాదాలవాళ్ళకు ముందు తోకలా వేలాడేవి. నాకు మడమ ఉండవలసిన చోట గాలి ఉండేది.

అప్పుడు వీరభద్రం గారికి అసలైన సందేహం వచ్చింది. "నేలరక్ష అన్నారు కదండీ. మరి నేలరక్ష నేల మీద గదా ఉండవలెను. మేజోళ్ళలో ఉన్నట్లు తనిఖీ వారు చూసినచో ఏమనెదరు?"

తిరుగులేని మాట. మెత్తలన్నీ మేజోళ్ళలోంచి తీయించి, జిగురు పెట్టి నేలకు అతికించేశారు. గుమ్మం నుంచి ప్రతి బల్లకూ, బల్ల నుంచి కిటికీకీ, అడుగు వెంట అడుగు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. రెండు అడుగుల మధ్య ఎంత దూరం ఉండాలో నిర్ణయించడానికి రావు గారే స్వయంగా నడిచి చూపించారు. ఆయన ఆరడుగుల మనిషి. పైగా ఆ రోజు ఉత్సాహంలో ఉన్నారు.

మెత్తల మధ్య నేల మీద కాలు పెట్టడం నేరం. కరుణకుమారి గారు చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, కాగితాలు ఇంకో చేత్తో పట్టుకుని వాగు దాటుతున్నట్టు దూకేది. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు వెనక్కి దూకుతూ గుమ్మం దాకా వెళ్ళాలి. నా మడమ ప్రతి దూకుడికీ గుండెలో మోగేది. ఈ పద్ధతికి రావు గారు 'పాదముద్రల పాలన' అని పేరు పెట్టారు. దాని విధివిధానాలు ఎవరు రాశారని మీరు అడగరనుకుంటాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వరండాలో గొడవ వినపడి కిటికీలోంచి చూశాను. సత్తిబాబు ఒక ముసలావిడను ఆపుతున్నాడు. బక్కపల్చటి మనిషి. కుడి పాదానికి కట్టు, కట్టు మీదుగా పట్టీలు వదులు చేసిన మెత్త చెప్పులు.

"చెప్పులు ఇప్పాలి మామ్మా. రూలు."

"ఇప్పకూడదంట బాబూ. సుగరు పుండు. చెప్పుల్లేకుండా నేల మీద కాలెట్టావంటే కాలు తీసెయ్యాల్సొస్తదని డాట్రు గారు సెప్పారు."

"అయితే ఎవరినైనా పంపు."

"ఎవర్ని పంపను? నేను బతికే ఉన్నానని సూపించుకోటానికి నేనే రావాలన్నారు గదా. పింఛను ఆగిపోయింది బాబూ. పోయిన వారం వొస్తే ఇలాగే పంపేశావు. ఇయ్యాల ఆటోలో వొచ్చాను."

ఆమె పేరు అప్పాయమ్మ. ఇరగవరం వైపు నుంచి వచ్చింది. వరండా మెట్ల మీద ఎండ మండుతోంది. హాలు లోపల నా బల్ల మీద ఆమె కాగితం ఉంది. ముద్ర హాలు దాటి బయటికి రాకూడదు. ఆమె చెప్పులు హాలు దాటి లోపలికి రాకూడదు. ఈ రెండు నియమాల్లో మొదటిది నేను చేరక ముందు నుంచీ ఉన్నది. రెండోది నాది.

సత్తిబాబు జాలిగా అన్నాడు. "మామ్మా, చెప్పులిప్పి ఆ మెత్తల మీద దూకుతా వెళ్ళిపో. ఇంతే దూరం."

ఆవిడ లోపలికి తొంగి చూసింది. అతికించిన మెత్తల వరసను చూసి, వాటి మీద దూకుతున్న మమ్మల్ని చూసి, "ఈళ్ళకేవైంది బాబూ?" అని అడిగింది. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే మా గురించి కంగారుపడింది.

తర్వాత ఆమె గోడ పట్టుకుని వంగి, చెప్పు పట్టీ విప్పడం మొదలుపెట్టింది.

నేను ధైర్యవంతుణ్ణి కాను. నా ఉద్యోగ జీవితంలో పై అధికారి మాటకు "అలాగేనండి" తప్ప వేరే జవాబు చెప్పి ఎరగను. కానీ ఆ కట్టు నేలకు ఆనబోతుంటే నా మడమ తట్టుకోలేకపోయింది. మనసు సంగతి చెప్పలేను, మడమ సంగతి చెబుతున్నాను. మెత్తలు వదిలేసి టైల్స్ మీద నుంచే అడ్డంగా పరుగెత్తాను. వరండాలోకి వెళ్ళి, "విప్పకండి పెద్దమ్మ గారూ, విప్పకండి!" అని, ముందు నా బూట్లు నేను వేసుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాను.

నా బూట్లు ఆ నేల మీద కిర్రుకిర్రున మోగాయి. హాల్లో ఎక్కడివాళ్ళు అక్కడ, ఎక్కిన మెత్త మీదే ఒంటికాలితో ఆగిపోయారు. ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టి, వేలిముద్ర తీసుకుని, ముద్ర వేశాను. ప్రభుత్వం దృష్టిలో ఆమె మళ్ళీ బతికింది.

తలెత్తేసరికి రావు గారు ఎదురుగా ఉన్నారు.

"రాజు గారూ, మీ కాళ్ళకున్నవేమిటి?"

"బూట్లండి."

"సర్క్యులరు చదివారా?"

"నేనే రాశానండి."

"మినహాయింపులు లేవని ఉంది కదా?"

"అదీ నేనే రాశానండి. మీరు చెప్పలేదు. వాక్యం బాగుంటుందని రాశాను." చేతిలోని ముద్ర బల్ల మీద పెట్టాను. "పొరపాటు రాశానండి."

అప్పాయమ్మ ఆయనను పైనుంచి కింది దాకా చూసింది. హడావిడిలో తన గదిలోంచి ఉత్త కాళ్ళతో వచ్చేసిన ఆయన ఆ బండ మీద నిలబడి ఉన్నారు. "బాబూ, మీరూ చెప్పులేసుకోండి, కాళ్ళు నొప్పెడతాయి" అంది.

ఆ మాటకు రావు గారు తన కాళ్ళ వంక చూసుకుని గదిలోకి వెళ్ళిపోయారు. నా వెనక కరుణకుమారి గారు మెత్త మీద నుంచి దిగి, వరండాలోకి వెళ్ళి తన చెప్పులు వేసుకుని వచ్చి, టైపు మిషను ముందు కూర్చుంది. ఆ వెంటనే మిగతా అందరూ కదిలారు. అయితే గుమ్మం దగ్గర అంతమంది ఒకేసారి తొక్కిసలాడటంతో ఎవరి చెప్పులు ఎవరికీ దొరకలేదు. వీరభద్రం గారు సత్తిబాబు హవాయి చెప్పులు వేసుకుని, "ఇది తాత్కాలిక ప్రాతిపదికన" అంటూ లోపలికి వచ్చారు.

అది ఆ ఒక్క సాయంత్రమే. మర్నాటికి మళ్ళీ అందరూ మెత్తల మీదికి ఎక్కారు. నాకు పోలవరం వైపు ఒక గోడౌనుకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. "పాదరక్షా దుర్వినియోగము" అని కారణం రాశారు.

ఆ గోడౌనులో గరుకు గచ్చు నేల, ఎలుకలు, తేళ్ళు. బూట్లు లేకుండా లోపలికి వెళ్ళేవాడు ఎవడూ లేడు. సుభద్ర మళ్ళీ ఒక జత మెత్తలు కొని, ఈసారి డబ్బా మీది రాత నాచేతే చదివించి, బూట్లలో పెట్టింది. రోజూ పొద్దున్నే గోడను తోస్తూ పిక్కలు సాగదీశాను. గోడ కదల్లేదు గానీ, వర్షాలు వెనకబట్టేసరికి మడమలో మేకు పోయింది.

దసరా తర్వాత కరుణకుమారి గారు ఫోను చేసింది. పాదముద్రల పాలనకు రాష్ట్ర స్థాయి బహుమతి వచ్చిందట. ఇతర జిల్లాల అధికారులు గుంపులుగా చూడటానికి వస్తున్నారట. అతిథులు గనక వాళ్ళను బూట్లు విప్పమని ఎవరూ అనలేదట. టైల్స్ మీద నిలబడి, దూకుతున్న సిబ్బందిని ఫోటోలు తీసుకుని వెళుతున్నారట.

"అప్పాయమ్మ గారికి పింఛను వస్తోందా?" అని అడిగాను.

"వస్తోందండి. పుండు కూడా మానిందంట. మీ గురించి అడిగింది, ఆ ఎగిరే బాబు బాగున్నాడా అని."

చాలా సంతోషమేసింది. ఫోను పెట్టబోతూ ఆగి, ఆ బహుమతి పత్రంలో ఏం రాశారో కాస్త చదవమన్నాను. చదివింది. "భూతలమునకు భారము కాని పరిపాలన" అని మొదలుపెట్టి, మూడు పంక్తులు ఎక్కడా ఊపిరి తిప్పుకోకుండా సాగింది. ఎవరు రాశారో తెలియదట.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒంట్లో బాగాలేదా అని సుభద్ర అడిగింది. ఏం లేదన్నాను. ఎవడో గానీ, నాకంటే బాగా రాశాడు.